నూకమ్మ అర్జీ

“ఇలాగియ్యి తల్లీ, నాను రాస్తాను,” అన్నాడు బెంచీ మీది మనిషి.

నూకమ్మ కాగితాన్ని గుండెలకి హత్తుకుంది.

“ఎవురు బాబూ నువ్వు? తోట దొర పంపినాడా?”

ఈపో లేబర్ ఆఫీసు వరండా అది. మలయా స్వాతంత్ర్యానికి, మెర్దెకాకి, ఇంకా ఏడాది ఉంది. అడవిలో తిరుగుబాటుదార్ల కాల్పులు, తోటల చుట్టూ ముళ్ళకంచెలు. ఎవరు ఎవరి మనిషో తెలిసేది కాదు.

సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో నూకమ్మ చెట్లు గీసి పాలు తీసేది. పురుడు పోసుకుని తిరిగొచ్చేసరికి ఆమె చెట్లు వేరొకరికి ఇచ్చేశారు. కూలీల లైనులో ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

అర్జీ పెట్టడానికి ఆ శనివారమే ఆఖరు. కంచె గేటు దగ్గర సోదా అయి, బస్సు దొరికి, ఆఫీసు చేరేసరికి పదకొండు దాటింది. ఒంటిగంటకి తలుపులు మూసేస్తారు.

ఆమెకి రాయడం రాదు. చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

“దొరలెవురూ నాకు సుట్టాలు కారు,” నవ్వాడతను. “లాయరున్నాడేటి?”

“లాయరా! ఆ గుమ్మం నానెక్కగలనా?”

“అక్కర్నేదు. నోరుంటే సాలు.”

ఆమె చెబుతుంటే రాశాడు. ఒక తారీకు తప్పు పడితే మొత్తం మళ్ళీ రాశాడు. వేలిముద్ర వేయించాడు.

“ఇనుకో. దొర పక్కన నల్లకోటు ఉంటాడు. బెదరకు. అడిగినదానికే జవాబు సెప్పు. ఏడుపొస్తే మంచినీళ్ళడుగు.”

ఒంటిగంటకి పది నిమిషాలుండగా కాగితం లోపలికి వెళ్ళింది. నూకమ్మ వెనక్కి చూడకుండా బస్సుకి పరుగెత్తింది. అతని మీద అనుమానం ఇంకా పోలేదు.

మూడు వారాలకి విచారణ.

“నీ అంతట నువ్వే మానేశావు కదూ?” అన్నాడు దొర లాయరు.

“నేదు బాబూ. జూను నాలుగున మా మేస్త్రీ కంగాణికి సెప్పినాను. ఆరున కన్నాను. జూలై తొమ్మిదిన కత్తట్టుకుని పనికొచ్చినాను. గేటుకాడే ఆపేసినారు.”

ఎన్నిసార్లు తిప్పి అడిగినా అవే తారీకులు చెప్పింది.

చెట్లు తిరిగొచ్చాయి. ఇల్లూ నిలిచింది.

అరటిపళ్ళు పట్టుకుని ఈపో వచ్చింది నూకమ్మ. బెంచీ ఖాళీ.

“అర్జీలు రాసే బాబేడీ?” ప్యూను తంగరాజుని అడిగింది.

“కాంతయ్యా? ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. ఇంక రాడు.”

“అయ్యో, దండమైనా ఎట్టనేదు.”

“ఆయన అర్జీలు రాసే మనిషి కాదమ్మా. ఆయన పనీ పోయింది. ఆయనా కేసు వేసుకున్నాడు. విచారణకి రాలేదని కొట్టేశారు.”

“ఏటీ? ఎందుకు రానేదు?”

“వచ్చాడమ్మా. ఆ శనివారం గుమ్మంలో నిలబడి నేనే మూడుసార్లు పేరు పిలిచాను, నీ కాగితం మీంచి తలెత్తలేదు.”