చెయ్యని పరీక్ష

"లోపలికి ఒక్కరే పోవాలె సారూ. ఆయన్ను ఎక్కువ మాట్లాడనియ్యకుండ్రి," అంది అరుణమ్మ.

సంగారెడ్డి ఆసుపత్రి వరండాలో ఆమె ముఖంలోకి చూడలేక సత్తిబాబు తల వంచుకున్నాడు. ఆమె భర్త లింగం పటాన్‌చెరులో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఆపరేటర్. సత్తిబాబు అక్కడే కంప్యూటర్లు చూసే ఇంజనీరు. నిన్న మధ్యాహ్నం ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైంది. పొద్దున ఫోన్ ఆన్ చెయ్యగానే సెక్యూరిటీవాడు చెప్పింది రెండే ముక్కలు. కరెంటు ట్రిప్పయి మొదటి సర్వర్ పడిపోయింది, లింగం ఆసుపత్రిలో ఉన్నాడు.

మిగతాది సత్తిబాబే ఊహించుకున్నాడు: సైరన్ మోగి ఉండదు. గ్యాస్ సెన్సర్ పంపే హెచ్చరికను సర్వర్లో ఉండే మెసేజ్ బ్రోకర్ అనే ప్రోగ్రాం అందుకుని చేరవేస్తేనే సైరన్ మోగుతుంది. మొదటి సర్వర్ పడిపోతే ఆ పని రెండోది అందుకోవాలి. రెండింటికీ సెట్టింగులు పెట్టింది తనే. కావాలని మొదటిదాన్ని ఆపి, రెండోది అందుకుంటుందో లేదో చూడవలసింది నిన్ననే. చూడలేదు. "సాయంత్రం దాకా సర్వర్ గదిలోనే ఉంటాను, ఎవర్నీ రానివ్వకు" అని లింగానికి చెప్పి, లైటు ఆర్పకుండా, ఫోన్ ఆపేసి, వెనక గేటులోంచి జారుకున్నాడు. కిష్టారెడ్డిపేటలో కొత్త ఫ్లాటుకు రంగులు ఎంచాలని భార్య అన్నపూర్ణ పిలిచింది. తను లేత పసుపా, గోధుమ రంగా అని తేల్చుకోలేకపోతున్నప్పుడే ఇక్కడ ఈ మనిషి గ్యాస్ పీలుస్తున్నాడు.

లింగం కళ్లకు కట్టు ఉంది. ముక్కులో ఆక్సిజన్ గొట్టం.

"లింగం, నేను... సత్తిబాబుని."

అతని చెయ్యి తడుముకుంటూ వచ్చి సత్తిబాబు మణికట్టు పట్టుకుంది.

"సారూ... మంచిగున్నరా?"

సత్తిబాబు మంచం మీదికి వంగాడు.

"నన్ను తిట్టు లింగం. నిన్న ఆ పరీక్ష నేను చెయ్యలేదు. చేసుంటే సైరన్ మోగేది. నిన్నిలా పడుకోబెట్టింది నేనే."

"మోగింది గద సారూ."

"ఏంటీ?"

"మస్తుగ మోగింది. అందరం బయటికి ఉరికినం. ఇంకెవ్వలకేం గాలే."

రెండో సర్వర్ అందుకుంది! సత్తిబాబు స్టూలు మీద కూలబడి, పొద్దుటి నుంచి మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తన తప్పేమీ లేదు. కాసేపటికి గానీ అడగాలని తోచలేదు.

"బయటికి వచ్చేస్తే మరి నీకు గ్యాస్ ఎలా పట్టింది?"

"మీరు గదిలున్నరని మళ్ల లోపలికి పోయిన, సారూ."