పసుపు లైటు

ఫల్గుణ బండి స్టార్ట్ చేశాడో లేదో, ఎండుచేపల చిన్నమ్మలు వచ్చి మీటరులోకి తొంగి చూసింది.

"లైటెలుగుతంది," అంది, స్టాండంతా వినబడేలా. "ఈ బండెక్కకండర్రా."

ఎక్కబోతున్న ఇద్దరు ఆగిపోయారు. అప్పటికే కూర్చున్న ఒకామె చింతపండు బుట్ట దించుకుని వెనక బండి వైపు నడిచింది.

ఫల్గుణకి ఒళ్ళు మండిపోయింది.

కాఫీ తోటలో తన వాటా తమ్ముడికి అమ్మేసి, బ్రోకరు ద్వారా కొన్న సెకండ్ హ్యాండ్ బండి అది. సంతరోజున పాడేరులో జనాన్ని ఎక్కించుకుని ఘాట్ దిగి చోడవరంలో దించుతాడు. ఇల్లు గడవాలంటే ఆ బండి నిండాలి. వేరే దారి లేదు.

కొన్న నెలకే పీడ పట్టుకుంది. మలుపులో చక్రాలు జారకుండా బండే చూసుకునే ఏర్పాటేదో అందులో ఉందట. అది పనిచేయకపోతే మీటరులో కారు బొమ్మ, దాని కింద వంకర గీతలు పసుపు రంగులో వెలుగుతాయి. సెన్సారు మార్పించాడు. ఆరింది, మళ్ళీ వెలిగింది. వైరు మార్పించాడు. అంతే. విశాఖ తీసుకెళ్తే కంప్యూటరు తగిలించి ఆర్పేసి పంపారు. ఘాట్‌లో మొదటి మలుపుకే మళ్ళీ వచ్చి కూర్చుంది.

చివరికి అక్కడి మెకానిక్కే అసలు సంగతి చెప్పాడు. ఈ బండి ముందెప్పుడో గట్టి దెబ్బ తింది, అడుగున ఛాసిస్ వంకర పోయింది, అది సరిచేయకుండా ఇంకేం మార్చినా దండగ అన్నాడు. బండిని నెల్లాళ్ళు వదిలి వెళ్ళమన్నాడు. నెల్లాళ్ళు బండి తిరగకపోతే పిల్లలేం తింటారని ఫల్గుణ తిట్టుకుంటూ వచ్చేశాడు.

వీటన్నిటి మీద ఈ మనిషొకతె. కింద ఊళ్ళనుంచి ఎండుచేపలు తెచ్చి సంతలో అమ్ముకుంటుంది. పొద్దు వాలగానే తట్ట సర్దుకుని తిన్నగా ఇతని బండి దగ్గరికే వస్తుంది. పక్క బండ్లలోకి కన్నెత్తి చూడదు. లైటుంటే అరుస్తుంది. జనం జారుకుంటారు. తను మాత్రం హాయిగా, వెనక నిలబెట్టుకునే వరహాలరావు బండెక్కి దిగిపోతుంది.

వరహాలరావే ఆమెని పెట్టాడని ఫల్గుణ నమ్మకం. స్టాండులో ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఎవరికేం పట్టింది?

ఆరోజు ఇక ఓర్చుకోలేక దిగి మీదికెళ్ళాడు.

"ఆ వరహాలరావు నీకేటిస్తన్నాడే?"

"నాకెవులూ ఏటీ ఇవ్వలేదు. లైటు ఆరీలాగ బాగుసేయించు బాబూ. అప్పుడు ముందు సీట్లో నానే కూకుంతాను."

ఫల్గుణ తట్టని కాలితో తన్నాడు. మిగిలిన చేపలన్నీ బురదలో పడ్డాయి. ఒకరిద్దరు నవ్వారు కూడా. చిన్నమ్మలు వంగి ఒక్కొక్కటే ఏరుకుంది. అది చూసి అతనికి ఇంకా మండింది.

మర్నాడే కరెంటు పనిచేసే బుజ్జిబాబుని పిలిచి, మీటరు విప్పి ఆ లైటు పీకెయ్యమన్నాడు. లైటు పీకితే రోగం పోతుందా అని బుజ్జిబాబు నసిగాడు. నీ పని నువ్వు చూసుకోమన్నాడు ఫల్గుణ. పీకేశారు. మీటరు నల్లగా, బుద్ధిగా ఉంది.

మళ్ళీ సంత వచ్చింది. చిన్నమ్మలూ వచ్చింది. మీటరులోకి చూసింది. నమ్మలేనట్టు ఇంకోసారి చూసింది.

"బాగయిపోనాదా?"

"అయింది," అన్నాడు ఫల్గుణ, ఆమె కళ్ళలోకి చూస్తూనే.

ఆమె నవ్వింది. ఆమెకి నవ్వడం వచ్చని ఆ స్టాండులో ఎవరికీ తెలియదు. తనే రోడ్డుమీదికెళ్ళి, బండి మంచిదైపోయింది, రండి రండని జనాన్ని పిలుచుకొచ్చింది. అన్నమాట ప్రకారం ముందు సీట్లో కూర్చుని తట్ట ఒళ్ళో పెట్టుకుంది. బండి కిక్కిరిసింది. నోరు మూయించానని ఫల్గుణ లోలోపల సంబరపడ్డాడు.

ఘాట్ సగం దిగాక వాన పట్టుకుంది.

మలుపులో బ్రేకు తొక్కగానే బండి వెనక భాగం పక్కకి ఈడ్చుకుపోయింది. స్టీరింగు ఎంత తిప్పినా మాట వినలేదు. ఎడమ పక్క వెళ్ళి కొండరాయికి కొట్టుకుంది. వెనక కూర్చున్నవాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. ఆసుపత్రికి చేర్చేసరికి చిన్నమ్మలు ప్రాణం పోయింది.

ఆమె తమ్ముడు గోపి వచ్చాడు. తలకి కట్టుతో వరండాలో కూర్చున్న ఫల్గుణ, అడక్కముందే దబాయింపు మొదలెట్టాడు. తనేం రమ్మనలేదని, ఆమే ఎక్కిందని, వరహాలరావు మనిషికి తన బండితో ఏం పనని అడిగాడు.

"వరహాలరావెవుడు?" అన్నాడు గోపి.



ఆ బండి ఒకప్పుడు తన బావది, చిన్నమ్మలు మొగుడిదని గోపి చెప్పాడు. మాటిమాటికీ లైటు వెలుగుతోందని, బాగుచేయించలేక, బావ దాన్ని పీకించేశాడట. ఆ వానాకాలమే అదే బండిలో పోయాడు.

"మరి నాకెందుకు సెప్పలేదు?" అన్నాడు ఫల్గుణ.

"సెప్తే? మనిషి సచ్చిన బండని తెలిస్తే మీ కొండమీద ఒక్కడెక్కుతాడా? లైటు ఆరిన్నాడు నీ బండి నిండాల, నీ నోటికాడ కూడు పోకూడదు అనీది మా అప్ప."

గోపి కళ్ళు తుడుచుకుని లేచాడు.

"అమ్మీసేముందు, ధర సగానికి సగం తగ్గిపోద్దని అందరం మొత్తుకున్నా ఇనకండా, కొన్నోడు బతకాలని ఆ లైటు మల్లీ పెట్టించినాది మా చిన్నమ్మలప్పే."