పదిసార్లు బ్రేకు

"తాళాలు ఇటివ్వమ్మా. పాత సామాన్లవాడు సాయంత్రం వస్తానన్నాడు" అన్నాడు కొడుకు.

అమ్మ బానెట్ కిందనుంచి తల ఎత్తలేదు. "రానీ. నిన్ను తూకానికేసి పంపిస్తా."

ఆ కారు కొడుకుకంటే రెండేళ్ళు పెద్దది. క్లచ్ లేదు, గేర్లు వాటంతటవే మారతాయి. కిందటి నెల మూడుసార్లు కూడలి మధ్యలో ఆగిపోయింది. మూడోసారి వెనకున్న బస్సు డ్రైవరు తిట్టిన తిట్లు ఊరంతా విన్నది.

"బ్రేకు వేస్తే చాలు, ఇంజిన్ ఆగిపోతోంది. మెకానిక్ ఇక పనికిరాదనేశాడు."

"వాడా! జ్వరమొస్తే వీలునామా రాయించే రకం. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యగానే గాలి తలుపు ఠపీమని మూసుకుపోతోంది. ఇంజిన్‌కి ఊపిరాడట్లేదు. ఆ తలుపుని మెల్లగా మూయించాల్సింది ఇదిగో, ఈ డాష్‌పాట్. దీన్ని వాడు ముట్టుకుంటేగా!"

కార్బురేటర్ పక్కన అగ్గిపెట్టెంత డబ్బీ, దానికో కడ్డీ. అమ్మ నట్టు వదులు చేసి, కడ్డీని లోపలికంటా నొక్కిపట్టి, దానికీ గాలి తలుపు మీటకీ నడుమ సందు కొలిచే గేజీ రేకు దూర్చి చూసింది. రేకు అటూ ఇటూ ఆడింది. సందు మరీ ఎక్కువ. డబ్బీని అర చుట్టు తిప్పింది. మళ్ళీ కొలిచింది. ఇంకో అర చుట్టు.

కోడలు చేతికర్ర మోపుకుంటూ వచ్చి లైటు పట్టుకుంది. ఓ ప్రమాదంలో ఎడమ మోకాలు బిగుసుకుపోయాక ఆమె గడప దాటడమే తక్కువ.

"నువ్వెందుకొచ్చావ్, లోపల కూర్చోక?" అన్నాడు.

ఆమె లైటు ఇంకాస్త దగ్గరికి జరిపింది తప్ప కదల్లేదు.

అమ్మ నట్టు బిగించి చేతులు తుడుచుకుంది. "వెనక మైదానంలో పదిసార్లు బ్రేకు వేస్తా. ఒక్కసారి ఇంజిన్ ఆగినా తాళాలు నీవి. ఆగకపోతే ఈ బండి ఎవరు నడపాలో నేను చెప్తా, నువ్వు నోరెత్తకూడదు. సరేనా?"

"సరే" అన్నాడు, గెలుపు తనదేనన్న ధీమాతో.

కోడలు మైదానం అంచున నిలబడింది. అతను అమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. నాలుగోసారి ఇంజిన్ గజగజ వణికితే అతనికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే సర్దుకుంది. పదోసారి అమ్మ తొక్కిన తొక్కుడికి అతని నుదురు ముందు అద్దానికి తగలబోయింది. ఇంజిన్ మాత్రం గుడగుడమంటూనే ఉంది.

నిజానికి అతనికి బండి మీద కోపం లేదు. ఆ బస్సు ముందు అమ్మ ఒంటరిగా ఇరుక్కుపోయిన సంగతి తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. అయినా మాటంటే మాటే.

"ఓడిపోయానమ్మా. నీ బండి, నీ ఇష్టం. నడుపుకో."

"నేనా? పోయిన వారమే కంటి డాక్టరు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు."

అతను అదిరిపడ్డాడు. "మరి ఇప్పటిదాకా ఎలా నడిపావ్?"

"ఖాళీ మైదానంలో గుద్దడానికి ఏముందిరా?"

"నడపనిదానివి ఇంత రభస ఎవరికోసం చేశావ్?"

అమ్మ దిగింది. తలుపు మాత్రం తెరిచే ఉంచింది.

కోడలు మెల్లగా వచ్చి, చేతికర్రని అతని ఒళ్ళో పడేసి, స్టీరింగ్ ముందు కూర్చుంది.

"ఎడమ కాలితో పనిలేని బండి మనింట్లో ఇదొక్కటే కదండీ. సోమవారం నుంచి ఆఫీసుకి వెళ్తున్నా."