దొరికినవి

"ఆ సంచి దింపు."

శిల్పి గొంతు విని కాలువ ఒడ్డున ముసలాయన ఆగిపోయాడు. మోకాళ్ల దాకా బురద, భుజాన తడి గోనెసంచి.

"ఏముంది అందులో?"

"కర్రముక్కలేనమ్మా."

ఆమెకు ఒళ్లు మండింది. ఆరేళ్లుగా తెల్లారగానే ఈ ఒడ్డుకు వస్తోంది. నీళ్లకు కొట్టుకొచ్చిన కర్రలు, తాడు ముక్కలు, విరిగిన పీటకోళ్లు ఏరుకుని బొమ్మలు చేస్తుంది. చెక్కదు, కొయ్యదు. దొరికినదాన్ని దొరికినట్టే అతికిస్తుంది. అదే ఆమె పట్టు, ఆమెకు పేరు తెచ్చిందీ అదే.

ఇప్పుడు నిలువెత్తు అమ్మ బొమ్మకు కుడిచెయ్యి ఒక్కటే తక్కువ. ప్రదర్శనకు ఇంకా ఇరవై రోజులే ఉంది. నిద్ర పట్టక ఇవాళ ఓ గంట ముందే వచ్చింది. వస్తే ఇదీ సంగతి.

"నువ్వు ముందే వచ్చి ఊడ్చుకుపోతుంటే నాకేం మిగులుతుంది?"

"ఊడ్చుకుపోవడం లేదమ్మా."

"మరి సంచిలో పెట్టి ఊరేగిస్తున్నావా?"

ముసలాయన నవ్వబోయి ఊరుకున్నాడు. సంచి బోర్లించాడు. "అన్నీ మీరే తీసుకోండి. ఇంకా ఏం కావాలమ్మా మీకు?"

"చెయ్యి కావాలి. తెచ్చిస్తావా?"

"చూస్తానమ్మా" అని ఖాళీ సంచి దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ కోపం చల్లారకముందే ఆమె కాలువ ఆఫీసుకు ఫిర్యాదు రాసి పడేసింది.

మర్నాటి నుంచి ఒడ్డున ఒక్క పుల్ల లేదు. పన్నెండు రోజులు అలాగే గడిచాయి.

"ఆ చెయ్యేదో చెక్కెయ్యరాదూ" అన్నాడు భర్త.

"చెక్కితే అది దొరికినదెలా అవుతుంది?"

 ఇక ఆగే ఓపిక లేదామెకు. పదమూడో రోజున మోకాళ్ల నొప్పితో కాళ్లీడ్చుకుంటూ కాలువ వెంబడి పైకి, లాకుల దాకా నడిచింది.

అక్కడ కాలువకు అడ్డంగా ఇనప చువ్వలు. వాటికి చిక్కుకుని బోలెడు చెత్త.

"ఈ మధ్య కిందికి కర్రలు రావడం లేదేం?" అని లాకుల ఉద్యోగిని అడిగింది.

"ఎప్పుడొచ్చాయమ్మా? చువ్వలు పెట్టి పదేళ్లయింది. పుల్ల కూడా దాటదు. అంతా ఇక్కడే తీసి లారీకెత్తుతాం."

ఆమె చూపు షెడ్డు గోడమీద ఆగిపోయింది. మేకుకు ఓ చెట్టువేరు వేలాడుతోంది. అచ్చం చెయ్యిలా, అయిదు వేళ్లు, మణికట్టుతో సహా.

"అది నాకిస్తారా?"

"అదొక్కటి అడక్కండి. చువ్వలు దులిపే పెద్దాయన, పని మానిపించిన రోజు చివరగా తీసిందది. ఒకరికోసం దాచమని వెళ్లాడు."

"ఎందుకు మానిపించారు?"

"సంచిలో కర్రలు ఎత్తుకుపోతున్నాడని ఎవరో ఫిర్యాదు రాశారు."

ఆమె షెడ్డు చుట్టూ చూసింది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"తెలీదమ్మా. చెప్పకుండానే ఊరొదిలి పోయాడు."

"ఎవరికోసం దాచమన్నాడు?"

"ఈయన రోజూ మంచి ముక్కలు ఏరి మోసుకెళ్లి కింద ఒడ్డున పరిచి వస్తుంటే, నీళ్లకు కొట్టుకొచ్చాయనుకుని ఏరుకునే పిచ్చితల్లి ఎవరో ఉందట, ఆవిడకు చెయ్యి కావాలట."