మూడు సుత్తి దెబ్బలు

"చప్పుడు ఆగింది. రాడ్ అతుక్కుంది కదూ?" అన్నాడు బాబూరావు, ముక్కాలి పీట మీద కూర్చునే.

అతుక్కుంది. మార్త వెల్డింగ్ హోల్డరును అటూ ఇటూ ఊపి రాడ్ ఊడదీసింది. ఇనుప ముక్క మీద పిట్ట రెట్టలాంటి చుక్క ఒకటి మిగిలింది.

"భయపడతన్నావు. దూరం జరిగితే ఆరిపోద్ది, మరీ దగ్గరకొస్తే అతుక్కుంటది. గారెలు వేగే చప్పుడు రావాలి. మధ్యలో ఆగకూడదు."

"గారెలు వండి ఎన్నాళ్లయిందో."

"చప్పుడు మర్చిపోలేదుగా."

బాబూరావుకు చప్పుళ్లే మిగిలాయి. ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీల వెనక సందులో ముందు వెల్డింగ్ షాపు, వెనక ఒక గది. నెల్లూరు నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలకు పదహారేళ్లుగా అదే లోకం. 2004 మే నెలలో రంగుల్లో కలిపే థిన్నర్ తాలూకు ఖాళీ డ్రమ్ముకు అతుకు వేయబోతే అది పేలింది. బాబూరావు రెండు కళ్లూ పోయాయి.

థిన్నర్ డ్రమ్ము ఖాళీ అయినా లోపల ఆవిరి ఉంటుంది. అంచుదాకా నీళ్లు నింపి, ఆ ఆవిరిని తరిమేశాకే నిప్పు పెట్టాలి. పనివాళ్లందరికీ తెలిసిన సంగతే. బాబూరావు నీళ్లు నింపడం మరిచిపోయాడని కూడా అందరికీ తెలిసిపోయింది. మతిమరుపు వెల్డరు దగ్గరికి ఎవడొస్తాడు? గిరాకీ పోయింది.

షాపూ గదీ దశరథ్‌వి. ఆయన కాంట్రాక్టరు. ఆయన వాటర్ ట్యాంకు స్టాండ్లు అతికేవాళ్లకే అందులో చోటు.

"నెల రోజులు ఆగుతా భాభీ," అన్నాడు మార్తతో. "నువ్వు నేర్చుకుంటే ఉండండి. లేదంటే ఇంకొకణ్ని పెట్టుకుంటా."

మార్త మొగుడి చొక్కా చీర మీద తొడుక్కుంది. అతని బూట్లలో గుడ్డలు కుక్కి వేసుకుంది. మొదటి వారం చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. రెండో వారం నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా మంట చూసింది. సాయంత్రానికి కళ్లల్లో ఇసుక పోసినట్టయింది. బంగాళాదుంప ముక్కలు రెప్పల మీద పెట్టుకుని మంచం మీద పడుకుంది.

"ఇంటికి ఒక జత కళ్లన్నా ఉండనీవే," అన్నాడు బాబూరావు.

నవ్వింది. నవ్వితే కళ్లు ఇంకా మండాయి.

అతుకు చల్లారాక పైనున్న నల్ల పెచ్చును కొట్టి రాల్చాలి. ఆమె ఆ పనిలో ఉండగా అతను రోజూ అదే మాట ఎత్తేవాడు.

"ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక డ్రమ్ములో పైపు పెట్టినట్టే గుర్తు మార్తా. అంచు మీంచి పొర్లితే కట్టేసినట్టు గుర్తు. రెండు రోజులు నాననిద్దామని వదిలేశాను. ఆ తర్వాత లోపల చూసుకోకుండానే నిప్పు పెట్టాను. కానీ నీళ్లుంటే పేలదు గదా. వేరే డ్రమ్ము సంగతి దీంట్లో కలిసిపోయిందేమో."

"పోనీలేవయ్యా. ఎంతకని తవ్వుకుంటావు?"

"నన్ను ఒక్క మాట కూడా అనలేదు నువ్వు. ఇంకొకతయితే కాల్చుకు తినేది."

మార్త పెచ్చు కొడుతూనే ఉంది.

అతనికి తన మీద తనకే నమ్మకం పోయింది. స్టవ్ ఆర్పానా అని రెండుసార్లు అడిగేవాడు. ఒకరోజు కంచం కడిగి బోర్లించాక, "నేను అన్నం తిన్నానా?" అన్నాడు.

"తిన్నావు," అంది మార్త. "ఇప్పుడే."

"నువ్వు చెప్తే నిజమే అయ్యుంటది."

నెల నిండిన రోజు పొద్దున్నే దశరథ్ వచ్చాడు. రెండు ఇనుప యాంగిల్ ముక్కలు కింద పడేసి, మూలమట్టంగా అతకమన్నాడు. మార్త అతికింది. చల్లారాక ఆయన దాన్ని కాలి కింద తొక్కిపట్టి, పెద్ద సుత్తి ఎత్తాడు.

మొదటి దెబ్బకు ఇనుము మోగింది. రెండో దెబ్బకు బాబూరావు పీట మీంచి లేచి నిలబడ్డాడు. మూడో దెబ్బకు యాంగిల్ వంగింది గానీ అతుకు ఊడలేదు.

"అచ్ఛా," అన్నాడు దశరథ్. "రేపట్నుంచి పన్నెండు స్టాండ్లు. ఇల్లు నీదే భాభీ."

బాబూరావు చేతులు గాలిలో తడుముతూ భార్య భుజం వెతుక్కున్నాయి.

"ఒక్క మాట," అన్నాడు దశరథ్. "ఈయన షాపులో కూర్చోకూడదు. పక్కనే గ్యాస్ సిలిండర్లు. ఇంకోటి మరిచిపోతే సందు సందంతా లేచిపోతుంది. నా మనుషులు ఇటు రావడానికే భయపడుతున్నారు."

"కూర్చుని చెప్తాను, అంతే గదా బాబూ," అన్నాడు బాబూరావు. "దేన్నీ ముట్టుకోను. ఆ గదిలో గోడలు తప్ప ఏముంది నాకు?"

దశరథ్ మార్త వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు భాభీ. పదహారేళ్లు పక్కన ఉన్నదానివి. ఈయన మరిచిపోయే మనిషి కాదని నువ్వంటే, నీ మాట మీద ఉండనిస్తా."

బాబూరావు ముఖం ఆమె గొంతు వచ్చే వైపు తిరిగింది.

మార్త వంగి కిందున్న అతుకును చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

"మనిషన్నాక మరుపుంటది గదా బాబూ," అంది.

బాబూరావు తల ఊపాడు, ఆ మాట తనకూ తెలిసిందే అన్నట్టు. ఆమె అతని చెయ్యి పట్టుకుని గదిలోకి నడిపించి, మంచం మీద కూర్చోబెట్టింది. మంచినీళ్లిచ్చి, తలుపు దగ్గరికి వేసి, షాపులోకి వచ్చింది.

డ్రమ్ము పేలిన ఆ మే నెల పొద్దున, కుళాయి రాక మూడో రోజున, అతను లేవకముందే డ్రమ్ములో రబ్బరు పైపు వేసి, గదీ వాకిలీ కడగడానికి ఆ నీళ్లన్నీ తోడుకుపోయింది మార్తే.