ఇరవై నిమిషాలు

మనాలీ పోదామని నేనే పట్టువట్టిన. మంచు చూడాలె, రజాయి కప్పుకొని నాలుగు రోజులు పండాలె. కోరుట్లల బస్సెక్కినకాంచి మా ఆయన లింబాద్రి మనసు మనసుల లేదు. దుబాయి నుంచి నెల సెలవు మీద వచ్చిన మనిషి. "గోవా వోదుము గదనే, ఎండన్న ఉంటుండె" అని దారంత ఒకటే సణుగుడు.

మంచుకాడ కోట్లు కిరాయికిచ్చే దుకాణంల మాత్రం ఆయన చేతులు చకచక ఆడినయి. నా సాక్సుల మీద పాలితిన్ కవరు తొడిగి, దాని మీద ఇంకో జత ఏసిండు. గ్లౌజుల అంచులు కోటు చేతుల్లోకి దోపిండు.

"ఇనుము ముట్టకు, తోలు ఊడొస్తది" అన్నడు.

"ఇయన్ని నీకెట్ల తెలుసు?"

ఆయన ఫోన్ల అలారం వెట్టిండు.

మంచు ముద్దజేసి ఆయన మీద ఇసిరిన. నవ్వలేదు, ఒక్కకాడ నిలవడలేదు. అలారం మోగంగనే నా రెక్క పట్టిండు.

"ఇరవై నిమిషాలైంది. బయటికి పోవాలె, నడువు."

"ఎక్కడి బయటికి? మనం బయటనే ఉన్నం గదా."

ఆయన అటిటు చూసిండు. అన్ని దిక్కుల కొండలే. తలుపు ఎక్కడ లేదు.

ఆరేండ్ల సంది ఫోన్ల ఒక్కటే మాట చెప్పిండు, ఏసీల పని, హాయిగున్న అని. నేను వాడకట్టంత చెప్పుకొని మురిసిన.

"నీ ఏసీల చలి ఎంతుంటది?" అని అడిగిన.

"మైనస్ పద్దెనిమిది" అన్నడు. "చికెన్ డబ్బలు కరగద్దు గదా."