పైసా ఖర్చులేని బోర్డు

బల్ల మీద పిడికిలి పడిన చప్పుడుకి హాల్లో కూర్చున్న పేషెంట్లందరూ ఉలిక్కిపడ్డారు.

స్కానింగ్ సెంటర్ ఓనరుకి కోపం ముక్కుమీదే ఉంటుంది. అది గది దాటి రావాలంటే ముందు బల్ల అదరాలి. టీకప్పు, మౌస్, పెన్నుల డబ్బా అన్నీ ఓసారి ఎగిరిపడ్డాకే ఆయన తలుపు తీస్తాడు.

"మళ్లీ ఎవరు వెళ్లారు బాత్‌రూమ్‌కి?"

ఓ పెద్దావిడ బెదురుగా లేచి నిలబడింది. "నేనే బాబూ. వెళ్లకూడదని తెలీదు."

కడుపు స్కానింగ్‌కి వచ్చినవాళ్లు నీళ్లు తాగి, ఆపుకుని కూర్చోవాలి. మధ్యలో వెళ్లొచ్చారంటే మళ్లీ నీళ్లు, మళ్లీ గంటసేపు ఎదురుచూపు.

"తెలీదా? అంత పెద్ద అక్షరాలు కనబడలేదా?"

ఓనరు గోడకేసి చెయ్యి చూపించాడు. మానిటర్ దేదీప్యమానంగా వెలుగుతోంది. 'స్కానింగ్ అయ్యేదాకా బాత్‌రూమ్‌కి వెళ్లకండి.'

పెద్దావిడ కళ్లు నులుముకుంది. "ఇందాక లేదు బాబూ."

ఓనరు చూపు కౌంటర్ వెనకున్న రిసెప్షనిస్టు మీద పడింది.

రెండు నెలల కిందట ఆమె ఓ సలహా ఇచ్చింది. "అట్టముక్క మీద రాసి బాత్‌రూమ్ తలుపుకి అంటిద్దాం సార్." "ఇది స్కానింగ్ సెంటరా, బడ్డీకొట్టా?" అని కసిరాడు ఓనరు. స్టోర్‌రూమ్‌లో మూలపడున్న మానిటర్‌ని హాలు గోడకి బిగించాడు. ఎవరికీ అక్కర్లేని పాత కంప్యూటర్‌ని తన బల్ల కింద పెట్టి, గోడకి చిల్లు పొడిచి వైరు లాగాడు. కీబోర్డు తీసేశాడు. మౌస్ బల్ల మీద ఫైళ్ల పక్కన పడుంది. పైసా ఖర్చు కాలేదని వారం రోజులు కనబడినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వనూ లేదు.

"మానిటర్ స్విచ్చి నీ కుర్చీ వెనకే ఉంది" అన్నాడు ఇప్పుడు ఆమెతో. "నేను లోపలుంటే ఆరుతుంది, బయటికొస్తే వెలుగుతుంది. దానికేమైనా నేనంటే భయమా?"

"నేను ముట్టుకోలేదు సార్. దానంతటదే ఆరిపోతోంది, వచ్చి చూడండని ఎన్నిసార్లు పిలిచాను?"

"పిలిచిన ప్రతిసారీ వచ్చాను. వచ్చిన ప్రతిసారీ వెలుగుతూనే ఉంది! నీ అట్టముక్క మాట నెగ్గలేదని కడుపుమంట నీకు."

ఆమె ముఖం జేవురించింది. ఇంటద్దె, కూతురి కాలేజీ ఫీజు అన్నీ ఆ జీతంలోంచే వెళ్లాలి. అయినా పదిమందిలో పడ్డ ఆ మాట ఆమె గొంతు దిగలేదు.

"తొమ్మిదేళ్లలో మీతో ఒక్క అబద్ధం చెప్పానా?"

"ఇప్పుడు చెబుతున్నావుగా. రేపట్నించి రానక్కర్లేదు."

"రేపటిదాకా ఎందుకండీ?"

తాళాలు కౌంటర్ మీద విసిరికొట్టింది. బ్యాగు భుజాన తగిలించుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

పెద్దావిడని మళ్లీ నీళ్లు తాగి కూర్చోమని చెప్పి ఓనరు గదిలోకి వెళ్లాడు. ఇక కౌంటర్ మీద తనే ఓ కన్నేసి ఉంచాలి కాబట్టి తలుపు బార్లా తెరిచిపెట్టాడు. పీడ విరగడైందనుకున్నాడు. చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. పావుగంటసేపు సెంటరంతా ప్రశాంతంగా ఉంది.

"బాబూ" హాల్లోంచి పెద్దావిడ పిలిచింది. "మీ బోర్డు మళ్లీ ఆరిపోయింది."

ఆయన తలెత్తి చూశాడు. తెర నల్లగా ఉంది. కౌంటర్ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది.

ఆయనకి ఒళ్లు మండిపోయింది. "వెళ్తూ వెళ్తూ ఏం చేసి పోయిందో మహాతల్లి!" అంటూ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు.

మౌస్ ఎగిరిపడింది, ఆయన కళ్లముందే గోడ మీద తెర వెలిగింది.